వెలుతురు కాపలాలో గాల్లో తేలే బంతి: ఇంట్లోనే మాగ్నెటిక్ లెవిటేషన్ పరికరం తయారీ

బోల్టుకు చుట్టిన కాయిల్ కింద పింగ్‌పాంగ్ బంతి ఒకటి, దారం లేకుండా, దేనికీ తగలకుండా నిలుస్తుంది. బోల్టు కొసకూ బంతికీ మధ్య ఖాళీ సుమారు 10 మిల్లీమీటర్లు. మైక్రోకంట్రోలర్ అక్కర్లేదు, ప్రోగ్రామింగ్ అక్కర్లేదు. ఒక ఐసీ, ఒక పవర్ ట్రాన్సిస్టర్, ఒక ఐఆర్ (ఇన్‌ఫ్రారెడ్, అంటే కంటికి కనబడని కాంతి) ఎల్ఈడీ, వెలుతురును పసిగట్టే ఒక ఫోటోడయోడ్ ఉంటే చాలు. బంతి నిలవకపోతే చాలామంది ముందుగా కాయిల్‌ని అనుమానించి మరో 500 చుట్లు చుడతారు. తప్పు ఎక్కువసార్లు అక్కడ ఉండదు, వెలుతురు దగ్గర ఉంటుంది. అందుకే ఈ మార్గదర్శిలో కాంతి భాగానికే ఎక్కువ చోటు ఇచ్చాం.

అయస్కాంతం ఒక్కటే ఎందుకు చాలదు

కదలని అయస్కాంతాలను ఎలా పేర్చినా, వాటి బలంతోనే మరో అయస్కాంతాన్ని గాల్లో స్థిరంగా నిలపలేమని శామ్యూల్ ఎర్న్‌షా 1842లోనే గణితపరంగా చూపించాడు. కారణం సులువుగానే తెలుస్తుంది. బంతి బోల్టుకు దగ్గరయ్యే కొద్దీ లాగుడు పెరుగుతుంది, దూరమయ్యే కొద్దీ తగ్గుతుంది. లాగుడూ బరువూ సమానమయ్యే ఎత్తు ఒక్కటే. అక్కడి నుంచి వెంట్రుకవాసి పైకి పోతే బంతి బోల్టుకు అతుక్కుంటుంది, కిందికి జారితే నేలను పడుతుంది.

కాబట్టి బంతి పైకి జరిగిన క్షణంలో కరెంటు తగ్గాలి, కిందికి జరిగితే పెరగాలి. బంతి ఎక్కడుందో చెప్పేది అడ్డంగా వెళ్లే ఇన్‌ఫ్రారెడ్ కాంతి. బంతి పైఅంచు ఆ కాంతిని సగం కప్పితే సరైన ఎత్తులో ఉన్నట్టు. అయితే ఎత్తు తెలిస్తే సరిపోదు, బంతి ఏ వేగంతో కదులుతోందో కూడా తెలియాలి. వేలి మీద కర్ర నిలబెట్టేవాళ్లు కర్ర వాలాక కాదు, వాలబోతుండగానే చెయ్యి జరుపుతారు. ఇక్కడ ఆ పని చేసేది ఒక చిన్న కెపాసిటర్. దాన్ని తీసేస్తే మిగతాదంతా సవ్యంగా ఉన్నా బంతి నిలవదు.

పక్కలకు కదలకుండా చూసే బాధ్యత మనకు లేదు. ఆకర్షణతో వేలాడే వస్తువు తనంతట తానే బోల్టు కిందికి వచ్చి చేరుతుంది. 2004 నుంచి ప్రయాణికులతో నడుస్తున్న షాంఘై మాగ్లెవ్ (అయస్కాంత బలంతో తేలే) రైలూ ఆకర్షణ పద్ధతిలోనే, దాదాపు ఇదే 10 మి.మీ. ఖాళీతో నడుస్తుంది. అక్కడ ఖాళీని కొలిచేది మాత్రం కాంతి కాదు.

కావలసినవి

- 28 గేజి (ఎస్.డబ్ల్యు.జి.) ఎనామిల్ రాగి తీగ, 100 గ్రాములు
- 8 మి.మీ. మందం, 70–75 మి.మీ. పొడవున్న మామూలు ఇనుప బోల్టు, నట్లు
- 30 మి.మీ. వ్యాసమున్న ప్లాస్టిక్ లేదా ఫైబర్ వాషర్లు 2
- పింగ్‌పాంగ్ బంతి, 10 × 3 మి.మీ. నియోడిమియం బిళ్ల అయస్కాంతం 1, కాస్త ఎం-సీల్ లేదా బంకమన్ను
- ఎల్ఎం358 ఐసీ, టిప్122 ట్రాన్సిస్టర్, దానికి అరచేతిలో సగమైనా ఉండే హీట్ సింక్
- 7805 రెగ్యులేటర్, 1ఎన్4007 డయోడ్
- 5 మి.మీ. ఐఆర్ ఎల్ఈడీ (940 నానోమీటర్లు), బీపీడబ్ల్యూ34 ఫోటోడయోడ్
- రెసిస్టర్లు: 100 ఓంలు, 150 ఓంలు, 10 కె (కిలో ఓంలు), 47 కె ఒక్కొక్కటి, 100 కె రెండు
- ప్రీసెట్లు (తిప్పి విలువ మార్చుకునే రెసిస్టర్లు): 10 కె, 470 కె, 1 మెగా ఓం
- కెపాసిటర్లు: 1 నానోఫారడ్ ఒకటి, 0.1 మైక్రోఫారడ్ నాలుగు, 0.22 మైక్రోఫారడ్ పాలిస్టర్ రెండు, 1000 మైక్రోఫారడ్ 25 వోల్టులది ఒకటి
- 12 వోల్టుల 2 ఆంపియర్ల అడాప్టర్, మల్టీమీటరు

రాగి తీగ మోటారు రీవైండింగ్ షాపుల్లో గ్రాముల లెక్కన దొరుకుతుంది. మిగతావి హైదరాబాద్‌లో అయితే కోఠి గుజరాతీ గల్లీలో ఒక్క చక్కర్‌లో అయిపోతాయి. కొనేటప్పుడు రెండు జాగ్రత్తలు. బోల్టుకు అయస్కాంతం గట్టిగా అతుక్కోవాలి; తళతళలాడే స్టెయిన్‌లెస్ స్టీల్ బోల్టు పనికిరాదు. ఐఆర్ రిసీవర్ అని అడిగితే మూడు కాళ్ల టీఎస్ఓపీ1738 చేతిలో పెడతారు. అది రిమోట్ల కోసం చేసినది, 38 కిలోహెర్ట్జ్ సంకేతానికి ఉంది–లేదు అని మాత్రమే చెబుతుంది. మనకు కావలసింది ఎంత వెలుతురు పడితే అంత కరెంటు ఇచ్చే ఫోటోడయోడ్.

బీపీడబ్ల్యూ34నే ఎంచుకోవడానికి కారణముంది. దాని కాంతి పడే చోటు సుమారు 2.7 మి.మీ. చదరం. బంతి అంచు ఆ మేరకు కదిలినంతసేపూ వోల్టేజీ నిదానంగా మారుతుంది, సర్దుబాటుకు వీలుంటుంది.

కాయిల్

బోల్టు మరకు మాస్కింగ్ టేపు రెండు పొరలు చుట్టండి. లేకపోతే మర అంచు ఎనామిల్‌ను గీరి షార్ట్ చేస్తుంది. రెండు వాషర్ల మధ్య 40 మి.మీ. ఉండేలా బిగించి, బోల్టు కొస కింది వాషర్ నుంచి 2–3 మి.మీ. బయటికి కనబడేలా చూసుకోండి. కింది వైపు ఇనుప వాషర్ వాడొద్దు, అయస్కాంత బలాన్ని కొస దగ్గర నిలవనీయకుండా పక్కలకు పరుస్తుంది.

1200 చుట్లు చుట్టాలి. వరసకు 90 చొప్పున పడితే 13–14 వరసలవుతాయి. బోల్టు తలను డ్రిల్ మెషిన్‌కు బిగించి నెమ్మదిగా తిప్పితే అరగంట పని. లెక్క తప్పితే కంగారు పడకండి. పూర్తయిన కాయిల్ 8 నుంచి 12 ఓంల మధ్య చూపిస్తే చాలు. 60 మీటర్ల తీగకు 9–10 ఓంలు రావాలి. తీగ కొసల ఎనామిల్‌ను బ్లేడుతో గీకి టిన్ (సోల్డర్ పూత) పెట్టండి. తర్వాత మీటరు ఒక కాలు కాయిల్‌కు, ఒకటి బోల్టుకు పెట్టి చూడండి. ఏ రీడింగూ రాకూడదు.

బంతి

బంతిని అడ్డంగా రెండు ముక్కలు కోయండి. పై ముక్క లోపల నడినెత్తిన అల్యూమినియం ఫాయిల్ అంటించి, దాని కింద అయస్కాంతాన్ని అతికించండి. ఫాయిల్ అలంకారం కాదు. తెల్లటి ప్లాస్టిక్ మన కంటికి అడ్డుగా కనిపించినా ఇన్‌ఫ్రారెడ్‌ను కొంత తనగుండా పోనిస్తుంది. నల్లరంగులు కూడా కొన్ని అంతే. ఫాయిల్ ఉంటే నీడ గట్టిగా పడుతుంది. కింది ముక్క అడుగున ఎం-సీల్ ముద్ద పెట్టి మొత్తం బరువు 12 గ్రాముల దగ్గరకు తెచ్చి రెండూ కలిపి అతికించండి. బరువు అడుగునే ఉండాలి, లేకపోతే అయస్కాంతం బంతిని తలకిందులు చేయడానికి చూస్తుంది.

సర్క్యూట్ మొదలెట్టక ముందే రెండు పరీక్షలు చేయండి. కరెంటు లేకుండా, కాగితాల దొంతర మీద బంతిని పెట్టి, దాని నెత్తి బోల్టు కొసకు 10 మి.మీ. దూరంలో ఉండేలా సర్దండి. అది కదలకుండా కూర్చోవాలి. 6–8 మి.మీ. లోపు ఎగిరి అతుక్కుంటే తప్పులేదు. 10 దగ్గరే ఎగిరితే బరువు చాల్లేదు, ఇంకొంచెం ఎం-సీల్ చేర్చండి. రెండోది: దూరం 12 మి.మీ.కు పెంచి కాయిల్‌ను నేరుగా అడాప్టర్‌కు రెండు సెకన్లు కలపండి. బంతి టక్కున పైకి ఎగరాలి. ఎగరకుండా ఒరిగిపోయినా, దొర్లినా కాయిల్ వైర్లు అటూఇటూ మార్చండి. బంతిని పైకి లాగినప్పుడు ప్లస్‌కు కలిపి ఉన్న వైరు ఏదో దానికి ఎర్ర టేపు చుట్టి గుర్తు పెట్టుకోండి.

ఫ్రేమ్, వెలుతురు దారి

ఫ్రేమ్ చెక్కతోనో అక్రిలిక్‌తోనో చేయండి. పైన అడ్డపట్టీకి కాయిల్, రెండు పక్కలా నిలువు చేతులు, వాటి మధ్య 60 మి.మీ. ఖాళీ. ఒక చేతికి ఎల్ఈడీ, ఎదురుగా ఫోటోడయోడ్. ఈ రెండింటినీ కలిపే గీత సరిగ్గా బోల్టు కొస కిందుగా, కొసకు 10 మి.మీ. దిగువన పోవాలి. రంధ్రాలు గుండ్రంగా కాక నిలువు గాడిలా చేస్తే తర్వాత 2–3 మి.మీ. అటూఇటూ జరుపుకోవచ్చు. ఆ వెసులుబాటు తప్పకుండా అవసరమవుతుంది.

ఫోటోడయోడ్‌కు 15 మి.మీ. పొడవున్న నల్ల గొట్టం తొడగండి. దాని లోపలి గోడ గరుకుగా ఉండాలి, నున్నగా ఉంటే పక్క కాంతి జారుకుంటూ లోపలికి వస్తుంది. నల్ల చార్టు చుట్టినా చాలు. ఎండలో ఇన్‌ఫ్రారెడ్ దండిగా ఉంటుంది, పాత రకం ఫిలమెంటు బల్బులోనూ అంతే. ఫిలమెంటు బల్బులూ, చోక్ ఉన్న ట్యూబులైట్లూ సెకనుకు 100 సార్లు మిణుకుతాయి. మన కంటికి అందని ఆ మిణుకు సెన్సర్‌కు అందుతుంది, వేగాన్ని పసిగట్టే కెపాసిటర్ దాన్ని బంతి కదలికగా పొరబడి ఎన్నోరెట్లు పెంచుతుంది. బంతి బుర్రుమని వణకడం మొదలయ్యేది ఇలాగే.

సర్క్యూట్

విద్యుత్ సరఫరా: 12 వోల్టుల ప్లస్–మైనస్ మధ్య 1000 మైక్రోఫారడ్, టిప్122కు దగ్గరగా. అదే 12 వోల్టులు 7805కు ఇచ్చి 5 వోల్టులు తీసుకోండి. దాని రెండు వైపులా 0.1 మైక్రోఫారడ్ చొప్పున గ్రౌండ్‌కు (అంటే మైనస్‌కు). ఎల్ఈడీకి, సెన్సర్‌కు ఈ 5 వోల్టులే ఇవ్వాలి. కాయిల్ కరెంటు లాగినప్పుడల్లా 12 వోల్టుల లైను ఊగుతుంది, ఆ ఊపు సెన్సర్‌కు తగలకూడదు.

ఎల్ఈడీ: 5 వోల్టుల నుంచి 150 ఓంల ద్వారా పొడుగు కాలికి, పొట్టి కాలు గ్రౌండ్‌కు. సుమారు 25 మిల్లీఆంపియర్లు వెళ్తుంది.

సెన్సర్: 5 వోల్టుల నుంచి 47 కె, దాని వెంట 470 కె ప్రీసెట్, అక్కడి నుంచి ఎల్ఎం358 మూడో పిన్‌కు. అదే పిన్‌కు ఫోటోడయోడ్ కాథోడ్, యానోడ్ గ్రౌండ్‌కు. అంటే తిరగేసి కలపాలి. కాథోడ్ ఏదో సందేహంగా ఉంటే మీటరును డయోడ్ గుర్తు మీద పెట్టండి, 0.5–0.6 చుట్టుపక్కల రీడింగ్ వచ్చినప్పుడు ఎర్ర ప్రోబ్ ఉన్నది యానోడ్. మూడో పిన్ నుంచి గ్రౌండ్‌కు 1 నానోఫారడ్. ఒకటో పిన్‌ను రెండో పిన్‌కు కలిపేయండి. వెలుతురు పెరిగితే ఒకటో పిన్ వోల్టేజీ తగ్గుతుంది, నీడ పడితే పెరుగుతుంది.

కంట్రోలర్: ఒకటో పిన్ నుంచి ఆరో పిన్‌కు 100 కె. ఆ 100 కె కు సమాంతరంగా, 0.22 మైక్రోఫారడ్, 10 కె ఒకదాని వెంట ఒకటి. వేగం చెప్పే జోడీ ఇదే. ఆరో పిన్‌కూ ఏడో పిన్‌కూ మధ్య 100 కె, దాని వెంట 1 మెగా ప్రీసెట్, ఇది గెయిన్ (సంకేతాన్ని ఎన్ని రెట్లు పెంచాలో చెప్పేది). ఐదో పిన్‌కు 10 కె ప్రీసెట్ మధ్య కాలు, ఆ ప్రీసెట్ చివరలు 5 వోల్టులకు, గ్రౌండ్‌కు, ఇది ఎత్తు. ఐదో పిన్ నుంచి గ్రౌండ్‌కు 0.1 మైక్రోఫారడ్. ఎనిమిదో పిన్ 12 వోల్టులకు, నాలుగో పిన్ గ్రౌండ్‌కు, వాటి మధ్య ఐసీని ఆనుకుని చివరి 0.1 మైక్రోఫారడ్.

డ్రైవర్: ఏడో పిన్ నుంచి 100 ఓంల ద్వారా టిప్122 బేస్‌కు. కలెక్టర్ 12 వోల్టులకు. ఎమిటర్ నుంచి కాయిల్ ఎర్ర వైరుకు, రెండో వైరు గ్రౌండ్‌కు. కాయిల్‌కు అడ్డంగా 1ఎన్4007, చార ఉన్న వైపు ఎమిటర్‌కు. డయోడ్ మరిచిపోతే కాయిల్ ఆగినప్పుడల్లా పుట్టే ఎదురు వోల్టేజీ ట్రాన్సిస్టర్‌ను తీసుకుపోతుంది. అక్షరాలు మీవైపు కనబడేలా పట్టుకుంటే టిప్122 కాళ్లు ఎడమ నుంచి బేస్, కలెక్టర్, ఎమిటర్. దాని లోహపు వీపు కలెక్టరే కాబట్టి హీట్ సింక్ మీద 12 వోల్టులు ఉంటాయి, దాన్ని గ్రౌండ్‌కు తగలనివ్వొద్దు.

గ్రౌండ్ విషయంలో బద్ధకం పనికిరాదు. కాయిల్ గ్రౌండ్ వైరు నేరుగా అడాప్టర్ మైనస్‌కు వెళ్లాలి. దాన్ని బ్రెడ్‌బోర్డు గ్రౌండ్ వరసలో గుచ్చితే, అర ఆంపియర్ కరెంటుకు 0.1 ఓం జంపర్ మీదే 50 మిల్లీవోల్టులు పుడతాయి. సెన్సర్ దాన్ని కూడా బంతి కదలికగా చదువుతుంది.

కాయిల్ కలపక ముందు

మొదట ఎల్ఈడీ వెలుగుతోందా అని ఫోన్ కెమెరాలో చూడండి. వెనుక కెమెరాలో కనబడకపోతే ముందు కెమెరాతో ప్రయత్నించండి. తర్వాత బంతి లేకుండా ఒకటో పిన్ వోల్టేజీ చూస్తూ 470 కె ప్రీసెట్ తిప్పి 1 వోల్టుకు తేండి. ఎల్ఈడీని వేలితో మూస్తే 4.7 పైకి పోవాలి. 4.5 దాటకపోతే బయటి వెలుతురు లోపలికి వస్తున్నట్టే, నల్ల గొట్టం సరిచేయండి. ఏం చేసినా వోల్టేజీ అర వోల్టు దగ్గరే మొండికేస్తే ఫోటోడయోడ్ తిరగబడింది.

ఐదో పిన్‌ను 3 వోల్టులకు పెట్టండి. 1కీ 5కీ అది నడిమధ్య, అంటే కాంతి సగం కప్పినప్పటి విలువ. ఇప్పుడు కాయిల్ స్థానంలో 12 వోల్టుల 5 వాట్ల బండి బల్బు పెట్టి, కాంతి దారిలోకి అట్టముక్కను కింది నుంచి మెల్లగా తేండి. అట్ట లేనప్పుడు బల్బు బాగా వెలగాలి, అట్ట లేచే కొద్దీ మసకబారి ఆరిపోవాలి. తిరకాసుగా జరిగినా, మధ్య దశ లేకుండా ఒక్కసారిగా ఆరినా కాయిల్ జోలికి పోవద్దు. రెండో లక్షణానికి కారణం ఎక్కువగా గెయిన్ మితిమీరడమే.

బంతిని నిలపడం

గెయిన్ ప్రీసెట్‌ను 1 మెగాలో మూడో వంతుకు పెట్టి కాయిల్ కలపండి. బంతి నడుమును రెండు వేళ్లతో పట్టుకుని కింది నుంచి తేండి. వేళ్లు కాంతికి అడ్డం రాకూడదు. సరైన ఎత్తు దగ్గర చేతికి తెలుస్తుంది: బంతి పైకి నెడితే బరువెక్కినట్టు, కిందికి లాగితే స్ప్రింగు పట్టినట్టు ఉంటుంది. అప్పుడు వేళ్లు వదులు చేయండి, లాగేసుకోవద్దు.

స్ప్రింగు స్పర్శే లేకుండా పైకో కిందికో జారిపోతే గెయిన్ తక్కువ, పెంచండి. బంతి పైకీ కిందికీ ఊగుతూ, ఊపు పెద్దదై పడిపోతే వేగం తూకం చాల్లేదు, రెండో 0.22ను మొదటిదానికి సమాంతరంగా చేర్చి చూడండి. సన్నని మోతతో వణికితే గెయిన్ ఎక్కువ, లేదా గదిలో మిణుకు. లైటు ఆపి చూస్తే ఏదో తేలిపోతుంది. పక్కలకు ఊగడానికి మందు సర్క్యూట్‌లో లేదు. కింది వాషర్‌కు ఆనించి, బోల్టు కొస చుట్టూ 3–5 మి.మీ. మందం అల్యూమినియం బిళ్ల బిగిస్తే అందులో పుట్టే సుడి ప్రవాహాలు ఊపును నెమ్మదింపజేస్తాయి.

నిలిచిందని అక్కడితో ఆపకండి. బంతి తేలుతుండగా కాయిల్ మీద వోల్టేజీ కొలవండి. 2 నుంచి 4 వోల్టులుంటే, అంటే 0.2–0.4 ఆంపియర్లయితే, దిగులు లేదు. 5 దాటితే కాయిల్ వేడెక్కుతుంది: సెన్సర్ జోడీని 1 మి.మీ. పైకి జరపండి, లేదా బరువు కాస్త తగ్గించండి. 1 కంటే తక్కువుంటే కిందికి జారినప్పుడు సరే గానీ, పైకి ఎగబాకినప్పుడు తగ్గించడానికి కరెంటే మిగలదు, బరువు కలపండి. బరువులో ఎక్కువ భాగాన్ని బోల్టు–అయస్కాంతం ఆకర్షణే మోయాలి, కాయిల్ సర్దుబాటు మాత్రం చేయాలి. ఈ తూకం కుదిరిన పరికరం గంటలతరబడి చల్లగా నడుస్తుంది.

కాసేపు నడిచాక వచ్చే తంటాలు

పది పదిహేను నిమిషాల తర్వాత బంతి పడిపోతుంటే వేడిని అనుమానించండి. రాగి నిరోధం ఒక్కో డిగ్రీ సెల్సియస్‌కు 0.39 శాతం పెరుగుతుంది. కాయిల్ 50 డిగ్రీలు వేడెక్కితే అదే వోల్టేజీకి కరెంటు ఆరో వంతు పడిపోతుంది. ఎల్ఈడీ కాంతి కూడా వేడికి తగ్గుతుంది, అందుకని దాన్ని హీట్ సింక్‌కు దూరంగా పెట్టండి. కాయిల్ మీద వేలు ఐదు సెకన్లు ఆనించలేకపోతే ఆపేసి తూకం మళ్లీ చూడండి.

రాత్రి నిలిచి పగలు నిలవకపోతే కిటికీ వెలుతురు. పరికరాన్ని తిప్పి ఫోటోడయోడ్ వీపు కిటికీ వైపు ఉండేలా పెడితే చాలాసార్లు తీరిపోతుంది.

బంతి పైకి అతుక్కుంటే సెన్సర్ పూర్తిగా చీకట్లో ఉంటుంది కాబట్టి కాయిల్ ఆగిపోతుంది, భయం లేదు. కింద పడితేనే ప్రమాదం: వెలుతురంతా సెన్సర్ మీద పడి కాయిల్‌కు దాదాపు 9 వోల్టులు నిరంతరం వెళ్తాయి. బంతి లేకుండా స్విచ్ వేసి వదిలేయొద్దు.

నియోడిమియం బిళ్లలు పెళుసు, ఒకదానికొకటి కొట్టుకుంటే పెచ్చులూడతాయి. పసిపిల్లలు ఒకటికి మించి మింగితే పేగుల్లో ఒకదాన్నొకటి పట్టుకుని ప్రాణం మీదికి తెస్తాయి, మిగిలిన బిళ్లలను వాళ్లకు అందకుండా దాచండి. పేస్‌మేకర్ పెట్టించుకున్నవాళ్లను పరికరం దగ్గరికి రానివ్వకండి.